నాలుగో కుర్చీ

బల్లారట్‌లో ఆషాఢమంటే
తీగ మీది తువ్వాలు రాత్రికి రాత్రే బిర్రబిగిసి
పొద్దున తీస్తే అప్పడంలా విరిగేట్టుండడం.

ఇంట్లో హీటరుంది. దానితో ఎవరికీ తగువు లేదు.
వెనక డెక్ మీదే నాలుగు కుర్చీలు,
వేసవిలో ముచ్చటపడి కొన్నవి.
మే నెల నుంచి వాటిలో
ఎవరూ పిలవని వాన కూర్చుంటోంది.

బయటికో కుంపటి చూద్దామన్నాను.
మురహరి వెంటనే కాగితం తీసి
మూడు గళ్ళు గీశాడు.
ఈ మనిషి ఉప్మా చెయ్యాలన్నా గళ్ళు గీస్తాడు.

మొదటి గడిలో గ్యాసుది.
ఒంటికాలి మీద ఇనుప గొడుగు.
దుకాణంలో దాని కింద నిలబడితే
మాడు కాలింది, మడమలు మాత్రం
ఇంకా మా వీధిలోనే ఉన్నాయి.
పైగా ఇక్కడి గాలి సంగతి తెలిసిందే.
గొర్రెల పొలాల మీదుగా దూసుకొచ్చి
మనం సిలిండరుకి పోసిన డబ్బంతా
పక్కింటి నిమ్మచెట్టుకి కాపడం పెడుతుంది.

రెండోది కట్టెలది. నా మనసు దాని మీదే.
నెగడు
అన్న మాట నోట్లో పడితే చాలు,
చేతులు వాటంతటవే ముందుకు చాచుకుంటాయి.
రెడ్‌గమ్ మొద్దు చిటపటలు,
బూడిద కింద చిలగడదుంప,
ఎటు జరిగినా మన కళ్ళనే వెతుక్కునే పొగ.
ఆ గడి నిండకముందే
కంచె అవతల గ్లెనిస్ దగ్గింది.
ఉన్ని మిల్లులో నలభై ఏళ్ళు పీల్చిన నూగు
ఆవిడ ఊపిరితిత్తుల్లో
ఇంకా దారం వడుకుతూనే ఉంది.
పెన్సిల్ లాక్కుని నేనే కొట్టేశాను.
గీత కింద కూడా అది కాసేపు మండింది.

ఇక మిగిలింది కరెంటుది.
"ఇది గాలిని కాదు, మనిషిని వేడి చేస్తుంది"
అన్నాడు దుకాణం కుర్రాడు బ్రేడన్,
దేవుడి మహిమ చెప్పినట్టు.
ఎన్ని వాట్లు కావాలన్నాడు.
నాకు వాట్లు రావు నాయనా.
నాకొచ్చిన కొలతలు వేరు:
బాలింతకి పోసే నీళ్ళంత,
పిల్లి లేచి వెళ్ళిన దిండంత,
అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా జేబంత.
ఆ చివరిది ఉందా?
"రెండువేల నాలుగొందలు" అన్నాడు మురహరి నా తరఫున.
వాట్లో డాలర్లో తెలీక గతుక్కుమన్నాను.

దూలానికి బిగించి వెళ్ళారు.
మీట నొక్కితే నారింజరంగు గీత.
చప్పుడు లేదు, పొగ లేదు,
నిజం చెప్పొద్దూ, కథ కూడా లేదు.
ముఖం వెచ్చన, వీపు బల్లారట్.

గ్లెనిస్ వచ్చింది, తన కప్పు తనే తెచ్చుకుని.
హాకీ బూట్లతోనే మా తన్మయి.
నలుగురం కూర్చున్నాక తెలిసింది,
సెగ మూడో కుర్చీ దగ్గరే ఆగిపోతుందని.
నాలుగోది చీకట్లో,
ఏ గడిలోనూ రాయని చోట.

వంతులేసుకున్నాం. పావుగంటకొకరు.
చలి కుర్చీలో వాళ్ళే లేచి టీ పొయ్యాలి.
మీకు వంతు లేదంటే గ్లెనిస్ ఒప్పుకోలేదు.
దుప్పటి లాక్కుని వెళ్ళి కూర్చుంది.
కాసేపు కప్పు చప్పుడే.
ఆ తర్వాత చీకట్లోంచి మాట:
రాత్రి షిఫ్టు, పంతొమ్మిదేళ్ళ వయసు,
ఆరబెట్టే యంత్రంలోంచి దిగిన కంబళి చుట్టలో
మేస్త్రీ చూడకుండా
మోచేతుల దాకా చేతులు దూర్చేవాళ్ళట.
"ఎంత వేడి?" అంది తన్మయి.
గ్లెనిస్ చెప్పలేదు.
దుప్పటిలోంచి చేతులు తీసి
ఇంత అన్నట్టు చూపించింది,
ఒకదాన్నొకటి పట్టుకుని.

ఆవిడ వంతు అయిపోయి చాలాసేపయింది.
ఎవరూ గడియారం చూడలేదు.
మురహరి మాత్రం లేచాడు, స్టూలు తెచ్చాడు,
స్క్రూడ్రైవర్‌తో ఆ నారింజ గీతని
కిర్రుమనిపించి కొంచెం అటు తిప్పాడు.

ఇప్పుడు చల్లబడింది మొదటి కుర్చీ.
అది అతనిదే.
వచ్చి కూర్చున్నాడు, చేతులు చంకల్లో పెట్టుకుని.
టీ ఎవరు పొయ్యాలో
ఇంకా తేలలేదు.